స్వేచ్ఛాప్రసార సంఘముల రచనలు: ఒక విమర్శ

పత్రికాస్వాతంత్ర్యము కొరకును, అడ్డులేని ఇంటర్నెట్టు కొరకును పనిచేయు సంఘములు గడచిన నలుబది యేండ్లలో ప్రపంచమున పెక్కు వెలసినవి. న్యూయార్కులో జర్నలిస్టుల రక్షణ సంఘము 1981లోను, ఫ్రాన్సులో 'సరిహద్దులు లేని విలేఖరులు' 1985లోను, లండనులో 'ఆర్టికిల్ 19' 1987లోను, అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 1990లోను పుట్టినవి. మన దేశమున ఢిల్లీ కేంద్రముగా సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ 2010 నుండియు, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ 2016 నుండియు పనిచేయుచున్నవి. వీనికి ఓట్లు లేవు, అధికారము లేదు. వీని చేతనున్నది వ్రాత యొక్కటియే. ప్రకటనలు, వినతిపత్రములు, కోర్టు అర్జీలు, వార్షిక నివేదికలు, అధికారులకు పంపు ఉత్తరములు, ఇవియే వీని ఆయుధములు. కనుక వీని పనిని తూచవలెనన్న వీని వ్రాతను తూచవలెను. తెలుగులో ఈ పని ఎక్కువగా జరుగలేదు. సంఘములను మెచ్చుకొనువారు వీని ఉద్దేశమును మెచ్చిరి, నిందించువారు వీని డబ్బు ఎచ్చటినుండి వచ్చుచున్నదని యడిగిరి. వ్రాత యెట్లున్నది, ఎవరికొరకు వ్రాయబడినది, ఎంతదూరము చేరినది అను ప్రశ్నలు మిగిలిపోయినవి.

ఈ ప్రశ్నలు రాష్ట్రేతర తెలుగువారికి మరింత సన్నిహితములు. హోసూరులోను, బళ్లారిలోను, షోలాపురములోను, బరంపురములోను ఉన్న తెలుగువానికి భాష గాలిలో దొరకునది కాదు. అది ఎవరో మోసికొని వచ్చిన దొరకును. ఒకప్పుడు మోసినది తపాలా. ఆంధ్రపత్రిక 1908లో పుట్టినది బొంబాయిలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అచ్చట వారపత్రికగా ప్రారంభించి, 1914లో మదరాసునకు తరలించి దినపత్రిక చేసిరి. తెలుగువారి పెద్ద పత్రిక తెలుగు జిల్లాలకు వెలుపల అచ్చయి లోపలికి వచ్చుచుండెను. తపాలావారు రిజిస్టరైన వార్తాపత్రికలకు తక్కువ రేటు నిచ్చిరి. ఆ రేటు ఒక పత్రికకు ఒకటి, ఇంకొక పత్రికకు ఇంకొకటి కాదు. సర్కారు దయామయమని దీని యర్థము కాదు. అదే 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని రాజద్రోహ నేరముపై జైలునకు పంపినదియు ఆ సర్కారే. వ్రాసినవానిని పట్టుకొనుట ఒక విధమైన అణచివేత. వ్రాసినదానిని దారిలో నాపుట మరియొక విధము. రెండవదానిని గూర్చి లోకము ఆలస్యముగా ఆలోచించినది.

స్వతంత్ర భారతమున ఆ ఆలోచన ప్రారంభమైనది మదరాసునందే. బొంబాయిలో అచ్చగు 'క్రాస్‌రోడ్స్' అను వారపత్రిక తమ రాజ్యమున ప్రవేశింపరాదని మదరాసు ప్రభుత్వము 1949 నాటి శాంతిభద్రతల చట్టము క్రింద నిషేధించినది. అప్పటి మదరాసు రాజ్యములో కోస్తా, రాయలసీమ జిల్లాలుండెను. 1950 మే 26న సుప్రీంకోర్టు ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పుచు, ప్రచురించు స్వేచ్ఛలో పంచు స్వేచ్ఛయు ఇమిడియున్నదని నిర్ణయించెను. పాఠకునికి చేరని పత్రిక అచ్చు కానిదానితో సమానమను భావము మన రాజ్యాంగ న్యాయములో నాడు స్థిరపడినది. నేటి ఇంటర్నెట్టు సంఘముల వాదమంతయు ఈ తీర్పునకు సంతానమే. కాని వారిలో పెక్కురు తమ వంశవృక్షమును అమెరికాలో వెదకికొనుచుండుట వింత.

అమెరికా వంశవృక్షమునకు మూలపురుషుడు జాన్ పెర్రీ బార్లో. ఆయన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపకులలో ఒకడు, పాటల రచయిత, పశువుల పెంపకపు క్షేత్రము నడపినవాడు. 1996 ఫిబ్రవరి 8న, అమెరికా అధ్యక్షుడు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టముపై సంతకము చేసిన దినముననే, ఆయన దావోసునుండి 'సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన' అను చిన్న రచనను లోకము మీదికి వదలెను. ఆ చట్టములోని అశ్లీల నిరోధ భాగము ఆయన కోపమునకు కారణము. మరుసటి సంవత్సరము జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు ఆ భాగములో ముఖ్యమైనదానిని కొట్టివేసినది. కోర్టును ఒప్పించినది న్యాయవాదుల అర్జీలు. జనుల మనస్సులో నిలిచినది బార్లో ప్రకటన.

రచనగా దానికి వేగమున్నది, పొగరున్నది. ప్రభుత్వములను నేరుగా సంబోధించి, మీకు ఇచ్చట అధికారము లేదు పొండని చెప్పు ధోరణి యువకుల నాకర్షించెను. కాని విమర్శకునకు అందు ఒక పెద్ద గ్రుడ్డితనము కనబడును. ఆ రచయిత కన్నులకు శత్రువు ఒక్కడే, ప్రభుత్వము. తంతి యెవరిది, గోపురమెవరిది, యంత్రమెవరిది అని ఆయన యడుగలేదు. దేహము లేని మనస్సుల లోకమని ఆయన వర్ణించిన చోట, దేహమున్న కంపెనీలు అద్దె వసూలుచేయు దినము వచ్చునని ఊహింపలేదు. అంతకంటె ముఖ్యమైన లోపము మరియొకటి కలదు. ఆ ప్రకటనలోని 'మనము' అను మాటకు భాష లేదు. అందరును ఇంగ్లీషున మాటాడుకొందురని చెప్పకయే ఒప్పుకొన్నట్లున్నది. తెలుగు లిపికి యూనికోడులో స్థానము 1991లోనే లభించినను, సామాన్యుడు తెరపై తెలుగు టైపు చేయుటకు ఇంకను చాల యేండ్లు పట్టెను. తెలుగు వికీపీడియా మొదలైనది 2003 డిసెంబరులో. బార్లో ప్రకటించిన స్వతంత్రదేశములో మన అక్షరములకు పౌరసత్వము ఆలస్యముగా వచ్చినది.

సరిగా ఇరువది సంవత్సరముల పిమ్మట, 2016 ఫిబ్రవరి 8న, ఇంటర్నెట్టును తెరచియుంచుటకు భారతదేశమున ఒక శాసనము వెలువడినది. దానిని వెలువరించినది ప్రభుత్వ సంస్థ, ట్రాయ్. పొమ్మనిపించుకొన్నవాడే కాపలా కాయవలసి వచ్చెను. ఈ కథను కొంత వివరముగా చూడవలెను. ఏలయన ఈ సంఘముల వ్రాతలోని బలమును, బలహీనతయు ఇందు కనబడినంతగా మరెచ్చటను కనబడవు.

2015 మార్చి 27న ట్రాయ్ 118 పుటల ఆలోచనాపత్రము నొకదానిని ప్రకటించి, ఇరువది ప్రశ్నలు వేసి, ఏప్రిల్ 24 లోపల అభిప్రాయములు తెలుపుడని కోరెను. విషయము, వాట్సాప్ వంటి సేవలపై కంపెనీలు వేరుగా రుసుము వసూలు చేయవచ్చునా, లైసెన్సు పెట్టవలెనా అన్నది. 118 పుటలు చదివి ఇరువది ప్రశ్నలకు జవాబు వ్రాయుట ఎవరికి సాధ్యము? అంతవరకు ఇట్టి పత్రములకు జవాబులు వ్రాసినది చాలవరకు కంపెనీల వకీళ్లు. ఈ సారి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు, విలేఖరులు, న్యాయవాదులు కలసి 'సేవ్ ది ఇంటర్నెట్' అను పేర ఆ పత్రమును సంక్షేపించిరి, ఇరువది ప్రశ్నలకును జవాబులు సిద్ధపరచిరి, ఎవరైనను తమ పేర ట్రాయ్‌కు పంపుటకు వీలు కల్పించిరి. ఒక హాస్యబృందము తీసిన దృశ్యము విషయమును ఇంటింటికి చేర్చెను. పది లక్షలకు మించిన ఉత్తరములు ట్రాయ్‌కు చేరినవి. ఎయిర్‌టెల్ కంపెనీ ప్రారంభించిన 'ఎయిర్‌టెల్ జీరో' పథకమునుండి ఏప్రిల్ 14న ఫ్లిప్‌కార్ట్ తప్పుకొనెను. నెల చివర ట్రాయ్ ఆ ఉత్తరములను, వ్రాసినవారి ఈమెయిల్ చిరునామాలతో సహా, బహిరంగముగా ప్రకటించి విమర్శలకు గురియైనది. అభిప్రాయము అడిగినవాడు అడ్రసులు వీథిలో అంటించినట్లయినది.

ఈ ఉద్యమమునకు ప్రాణమైన వ్రాత ఆ ఇరువది జవాబులే. పొగరు లేదు, అలంకారము లేదు. ఒక్కొక్క ప్రశ్నను తీసికొని, ఇది ఎందులకు తప్పు ప్రశ్న, లేక ఇందులకు సరియైన సమాధానము ఏది అని నిదానముగా చెప్పుచు పోవును. బార్లో ప్రకటనతో పోల్చిన ఇది గుమాస్తా వ్రాత. కాని ప్రభుత్వ కార్యాలయమును కదలింపవలెనన్న గుమాస్తా వ్రాతయే కావలెను.

ఎదుటి పక్షపు వ్రాతను గూడ న్యాయముగా చూడవలెను. ఫేస్‌బుక్ కంపెనీ 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్సు వారితో కలసి 'ఇంటర్నెట్.ఆర్గ్' అను ఉచిత పథకమును ఆరు రాష్ట్రములలో ప్రారంభించెను. ఆంధ్రప్రదేశము, తెలంగాణము, తమిళనాడు, మహారాష్ట్రము, గుజరాతు, కేరళ. ఆ సంవత్సరము సెప్టెంబరులో దానికి 'ఫ్రీ బేసిక్స్' అని పేరు మార్చిరి. కొన్ని ఎంపికచేసిన సైట్లు ఉచితము, మిగిలినవానికి డబ్బు. సైట్లవారు ఫేస్‌బుక్ విధించిన సాంకేతిక నియమములకు లోబడవలెను, వారి యంత్రముల మీదుగా పోవలెను. డిసెంబరు 9న ట్రాయ్, ధరలలో భేదము చూపవచ్చునా అని రెండవ పత్రము ప్రకటింపగా, కంపెనీ పత్రికలలో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించెను. డిసెంబరు 28న కంపెనీ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసము వ్రాసెను. మహారాష్ట్రలోని గణేశ్ అను రైతు ఈ పథకమువలన వానరాకను, పంటల ధరలను తెలిసికొని బాగుపడెనని అందు వర్ణించెను.

కథకుడు తెలివైనవాడు. ఒక్క రైతును నిలబెట్టి, వాని ముందు వాదించువానిని నిర్దయునిగా చూపుట పాత ఉపాయమే అయినను ఫలించునది. ఆ వ్యాసమునకు లోపము రైతులో లేదు, ఉపమానములో నున్నది. ఉచిత ప్రజావైద్యశాలలవలె, ప్రభుత్వ పాఠశాలలవలె, గ్రంథాలయములవలె తమ పథకము కూడ కనీస సేవ యని ఆయన వాదించెను. గ్రంథాలయమును గూర్చి తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించి ఉద్యమము నడపిన జాతి ఇది. గ్రంథాలయములో కూడ పుస్తకములను ఎవరో ఒకరు ఎన్నుకొందురు, అది నిజము. కాని ఆ యెన్నిక చేయువాడు పుస్తకముల వ్యాపారి కాడు. లేనిదానిని అడిగి తెప్పించుకొను హక్కు పాఠకునికి కలదు. అల్మారా ముందు నిలిచి ఎవరు ఏ పుట త్రిప్పిరో వ్రాసికొనువాడు ఎవడును లేడు. ఉపమానము ఒక అడుగు నడచి పడిపోయినది.

అయినను ఒక విషయమున కంపెనీ వారిని మెచ్చవలెను, మెచ్చుట కష్టమైనను. ఆ ఉచిత పథకము తెలుగులోను లభ్యమైనది. షోలాపురములోని చేనేత కుటుంబమునకును, హోసూరులోని విద్యార్థికిని, వారి చేత రిలయన్స్ ఫోను ఉన్నయెడల, కంపెనీ తెలుగున పలుకరించినది. ఇంటర్నెట్టును రక్షింపుడని వారి నడిగిన ఉద్యమము ప్రధానముగా ఇంగ్లీషున, కొంత హిందీలో నడచినది. ట్రాయ్ ప్రశ్నలు ఇంగ్లీషున, సిద్ధపరచిన జవాబులు ఇంగ్లీషున. అమ్మజూపినవానికి మన భాష జ్ఞప్తికి వచ్చెను, కాపాడవచ్చినవానికి రాలేదు. పది లక్షల ఉత్తరములలో ఇంగ్లీషు రాని తెలుగువాడు తన వాక్యములో వ్రాసినవి ఎన్ని యుండును? అచ్చు వ్రాతతో ఉత్తరములు పంపించినందులకు ట్రాయ్ ఫేస్‌బుక్‌ను తప్పుపట్టినది. ఒక మీట నొక్కిన చాలును, ట్రాయ్‌కు ఉత్తరము పోవునట్లు కంపెనీ చేసినమాట నిజమే, ఆ ఉత్తరములు వేసిన ప్రశ్నలకు జవాబు చెప్పనిమాటయు నిజమే. కాని సిద్ధపు వ్రాతను పంపుట ఏప్రిల్ నాటి ఉద్యమము నేర్పిన విద్యయే. భేదమొక్కటి: వారి సిద్ధపు వ్రాత ప్రశ్నలకు జవాబు చెప్పినది.

మాటలను గూర్చి ఇచ్చట కొంచెము ఆగవలెను. ఉద్యమమునకు కేంద్రమైన పదమును 2003లో అమెరికా న్యాయశాస్త్రాచార్యుడు టిమ్ వూ ప్రచారములోనికి తెచ్చెను. తెలుగు పత్రికలు దానిని 'నెట్ న్యూట్రాలిటీ' అనియు, 'అంతర్జాల తటస్థత' అనియు వ్రాసినవి. తటమనగా ఒడ్డు. తటస్థుడనగా ఒడ్డున నిలిచి, నీటిలో ఎవరు మునిగినను తేలినను జోక్యము కలిగించుకొననివాడు. కంపెనీని కోరినది అదియా? కాదు. ఆ కంపెనీ ఒడ్డున లేదు, పడవలో నున్నది, తెడ్డు దాని చేతిలో నున్నది. రేవులో పడవవాడు ఎక్కినవారినందరిని ఒకే కూలికి దాటించవలెను, ఫలానా సాహుకారి సరకు ఉచితమనియు, ఫలానా వాని బుట్టకు రెండింతలనియు అనరాదు. ఇది తటస్థత కాదు, సమముగా దాటించు బాధ్యత. 'సమప్రసారము' అనియో, ఇంకను తేలికగా 'ఒకే కూలి నియమము' అనియో అనియుండిన, విషయము రేవు తెలిసిన ప్రతివానికిని ఒక్క క్షణములో బోధపడెడిది. తప్పుపదము నెన్నుకొన్నప్పుడు జనులు విషయమును తిరస్కరింపరు, తమకు సంబంధము లేదనుకొందురు. అది అంతకంటె నష్టము.

పడవ ఉపమానము మరియొక చిక్కును గూడ విడదీయును. 1956లో మన పార్లమెంటు వార్తాపత్రికల ధర, పుటల చట్టమును చేసి, 1960 ఉత్తరువు ద్వారా ఎన్ని పుటలకు ఎంత ధర యుండవలెనో నిర్ణయించెను. పెద్ద పత్రికలు చౌకగా ఎక్కువ పుటలిచ్చి చిన్నవానిని మ్రింగకుండుట ఉద్దేశము. పూనాలోని మరాఠీ పత్రిక 'సకాళ్' దానిని ఎదిరించెను. 1961లో సుప్రీంకోర్టు, ఒకరిని రక్షించుటకు ఇంకొకరి ప్రచారమును కత్తిరింపరాదని ఆ చట్టమును కొట్టివేసెను. మరి చిన్న సైట్లను రక్షించుటకు ఎయిర్‌టెల్ ధరలను ట్రాయ్ ఎట్లు అదుపు చేయగలదు? బలమైన ప్రశ్న. జనసామాన్యమునకు చేరిన కరపత్రములలోను, దృశ్యములలోను ఇది కనబడదు. సమాధానము లేక కాదు. సకాళ్ పత్రిక మాటాడునది. టెలిఫోను కంపెనీ మాటలను మోయునది. మాటాడువాని నోరు కట్టరాదు, మోయువాడు మూటలను విప్పి చూడరాదు. రెండును ఒకే స్వేచ్ఛకు రెండు ప్రక్కలు. ఈ మాటను సూటిగా చెప్పియుండిన ఉద్యమపు వ్రాతకు మరికొంత లోతు వచ్చెడిది.

ఇంకొక కష్టమైన ప్రశ్నను గూడ వారు తొందరగా దాటిరి. వికీపీడియావారు తమ విజ్ఞానసర్వస్వమును ఫోనులలో ఉచితముగా అందించుటకు 'వికీపీడియా జీరో' అను పథకమును నడపిరి. మన దేశమున 2013లో ఎయిర్‌సెల్ ద్వారా అది వచ్చెను. లాభాపేక్ష లేనిది, ప్రకటనలు లేనిది, తెలుగులోను ఉన్నది. సూత్రము ప్రకారము అదియు భేదము చూపుటయే. 2016 నిబంధన ప్రకారము ఎవరును, ఏ కారణమువలనను, సైటును బట్టి ధర మార్చరాదు. అత్యవసర సేవలకు మాత్రము మినహాయింపు. తప్పినవారికి దినమునకు 50,000 రూపాయలు, మొత్తము 50 లక్షల వరకు జరిమానా. మంచి అంగడికిని చెడ్డ అంగడికిని ఒకే నియమము. ఈ నియమము సరియైనదే. మంచిని నిర్ణయించు అధికారము కంపెనీకి ఇచ్చిన తరువాత తీసికొనుట సాధ్యము కాదు. కాని ఉచితముగా వచ్చు కొద్దిపాటి తెలుగును గూడ వదలుకొనుడని పేదవానికి చెప్పునపుడు, బదులుగా ఏమి దొరకునో చెప్పవలెను. ఉద్యమము చెప్పలేకపోయెను. ఫేస్‌బుక్ 2016 ఫిబ్రవరి 11న పథకమును ఉపసంహరించుకొనెను. ఆ సెప్టెంబరులో జియో కంపెనీ రంగములోనికి దిగుటతో ధరలు పడిపోయి ప్రశ్న దానంతట అదియే మాయమైనది. వాదము తీర్పవలసినదానిని అంగడి తీర్చెను.

ధరలనుండి మూసివేతలకు వచ్చిన, వ్రాత గంభీరమగును. 2019 ఆగస్టు 4 రాత్రినుండి కాశ్మీరములో ఇంటర్నెట్టు, టెలిఫోను నిలిపివేయబడినవి. 'కాశ్మీర్ టైమ్స్' కార్యనిర్వాహక సంపాదకురాలు అనూరాధా భసీన్ సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2020 జనవరి 10న వెలువడిన తీర్పును వ్రాసినది కృష్ణాజిల్లాకు చెందిన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు. చార్లెస్ డికెన్సు నవలలోని ప్రసిద్ధ వాక్యములతో మొదలైన ఆ తీర్పు చక్కని రచన. ఇంటర్నెట్టు ద్వారా మాటాడుటకును, వ్యాపారము చేయుటకును రాజ్యాంగ రక్షణ కలదనియు, కాలపరిమితి లేని నిలుపుదల చెల్లదనియు, నిలుపుదల ఉత్తరువులను ప్రకటింపవలెననియు అందు స్పష్టముగా చెప్పబడినది. కాని ఆ దినమున ఇంటర్నెట్టు తిరిగి రాలేదు. ఉత్తరువులను పునఃపరిశీలింపుడని అధికారులకే అప్పగించిరి. సూత్రము అర్జీదారుకు దక్కెను, ఫలితము దక్కలేదు.

ఆ పిమ్మట 'ఫౌండేషన్ ఫర్ మీడియా ప్రొఫెషనల్స్' అను పత్రికారచయితల సంఘము, జమ్మూకాశ్మీరములోని ప్రైవేటు పాఠశాలల సంఘము వేరువేరుగా అదే న్యాయస్థానమునకు పోయినవి. అప్పటికి కరోనా వచ్చినది, బడులు మూతపడినవి, పాఠము ఫోనులోనికి పోయినది, కాశ్మీరములో మాత్రము 2జి వేగమే మిగిలెను. ఆ అర్జీలలో స్వేచ్ఛ యను మాట కంటె గంట, నిమిషము, బరువు అను మాటలు ఎక్కువ పని చేయును: ఒక వైద్యపత్రము దిగుటకు ఎంతసేపు, ఒక పాఠము వినబడుటకు ఎంత వేగము. బడిపిల్లల పక్షమున వ్రాయవలసినపుడు వ్రాయవలసిన తీరు ఇదియే. 2020 మే 11న కోర్టు మరల ఒక సంఘమును నియమించెను. 4జి వేగము తిరిగి వచ్చినది 2021 ఫిబ్రవరి 5న. పదునెనిమిది మాసములు గడచినవి.

ఇది కాశ్మీరపు కథ యని తెలుగువారు తృప్తిపడరాదు. కోనసీమ జిల్లా పేరుమార్పుపై 2022 మే 24న అమలాపురములో అల్లర్లు చెలరేగగా, ఆ జిల్లాలో ఇంటర్నెట్టును పది దినములకు మించి నిలిపిరి. గోదావరికి ఈ ఒడ్డున యానాము, ఆ ఒడ్డున కోనసీమ. భాష ఒకటి, బంధుత్వము ఒకటి, ప్రభుత్వములు రెండు. వంతెనమీద మనుష్యులు నడచిరి, మాట నడువలేదు.

మూసివేతలను లెక్కించు పనిని 'యాక్సెస్ నౌ' అను అంతర్జాతీయ సంఘము 2016 నుండి కూటమిగా చేయుచున్నది. దాని లెక్కలో 2023లో భారతదేశమున 116 మూసివేతలు. 2024లో మన దేశమున 84, మయన్మారులో 85. ఈ లెక్క లేనిచో విషయము దేశమునకు తెలిసియుండదు, సందేహము లేదు. కాని శీర్షికకెక్కు సంఖ్యలో ఒక తాలూకాలో పరీక్ష నాడు జరిగిన కొన్ని గంటల నిలుపుదలయు ఒకటే, మణిపూరులో 2023 మే నుండి నెలలకొలది సాగినదియు ఒకటే. లోపలి పుటలలో కాలవ్యవధి వివరములుండును. పత్రికలు లోపలి పుటలు చదువవు. 'సరిహద్దులు లేని విలేఖరుల' పట్టికకును ఇదే దురవస్థ. 180 దేశములలో భారతదేశపు స్థానము 2023లో 161, 2024లో 159, 2025లో 151. ఏటేట ఈ ఒక్క అంకెపై ఒకరు ఛాతీ చరచుకొందురు, ఒకరు తల బాదుకొందురు. ఇన్ని భాషల పత్రికలున్న దేశమునకు ఒక్క అంకె ఏపాటి అద్దము? జిల్లా కేంద్రములో ఇసుక వ్యాపారమును గూర్చి వ్రాయు తెలుగు విలేఖరి భయము ఆ అంకెలో ఎచ్చట దాగినదో కనిపెట్టుట దుర్లభము.

ఈ సంఘముల న్యాయవాదమంతయు రాజ్యాంగపు 19వ అధికరణము చుట్టును తిరుగుచున్నది. తన భాషను కాపాడుకొను హక్కును ప్రతి పౌరవర్గమునకు ఇచ్చిన 29వ అధికరణమును కూడ ప్రక్కన చేర్చిన, వాదమునకు కొత్త బలము వచ్చును. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, వసతిగృహములో ఫోను వాడకముపై ఆంక్షలను ఒప్పుకొనని విద్యార్థినిని వెళ్లగొట్టుట చెల్లదనుచు, ఇంటర్నెట్టు అందుబాటును విద్యాహక్కుతో ముడిపెట్టెను. అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో, పాఠ్యపుస్తకము ఆలస్యమై, ఉపవాచకము దొరకక, తెలుగు పత్యము ఫోనులోనే చూపవలసిన తరగతికి ఆ ముడి ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. విద్యనుండి భాషకు ఒక్క అడుగు. దానిని వేయువారు ఇంకను రావలెను; ఢిల్లీ సంఘములు వేయునని కూర్చొనుట కంటె, తెలుగు సంఘములే ఆ అర్జీని వ్రాయుట మేలు.

చివరగా, ఈ వాఙ్మయమున మిక్కిలి మెచ్చదగినది ఏది? ప్రకటనలు కావు, తీర్పులు కావు. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షను 2009 అక్టోబరునుండి అమలులో నుండెను. చికాకు కలిగించు సందేశము పంపినను జైలు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘరులో ఇద్దరు యువతులను, బొంబాయి బందును గూర్చి ఫేస్‌బుక్‌లో ఒకతె వ్రాసినందులకు, ఇంకొకతె దానిని మెచ్చినందులకు అరెస్టు చేసిరి. 2015 మార్చి 24న న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వరుగారు, నారిమన్‌గారు ఆ సెక్షనును పూర్తిగా కొట్టివేసిరి. ట్రాయ్ పత్రము వచ్చుటకు అది మూడు దినముల ముందటి మాట. దేశమంతట సంతోషించిరి. కాని తీర్పు పోలీసు ఠాణాలకు చేరలేదు. చచ్చిన సెక్షను క్రింద కేసులు కట్టుచునే యుండిరి. పౌరహక్కుల ప్రజాసంఘము మరల కోర్టుకు పోగా, 2019 ఫిబ్రవరిలో తీర్పు నకళ్లను రాష్ట్రముల ప్రధాన కార్యదర్శులకు పంపి, వారి ద్వారా పోలీసుశాఖకు తెలియజేయవలెనని సుప్రీంకోర్టు ఉత్తరువు చేయవలసి వచ్చెను. పంచు స్వేచ్ఛ లేక ప్రచురణకు విలువ లేదని 1950లో చెప్పిన కోర్టు, తన తీర్పునే పంచవలసి వచ్చినది.

అప్పటికిని ఆగలేదు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, సివిక్ డేటా ల్యాబ్ అను సంస్థతో కలసి, జిల్లా కోర్టుల కేసుల జాబితాలను వెదకి, చచ్చిన సెక్షను క్రింద ఇంకను బ్రతికియున్న కేసులను ఏరి ఒకచోట చేర్చినది. 2021 మార్చి నాటికి పదునొకండు రాష్ట్రములలో 745 కేసులు. పౌరహక్కుల సంఘము ఆ జాబితాను కోర్టు ముందుంచెను. 2022 అక్టోబరు 12న, ఆ సెక్షను క్రింద ఎవరిని విచారింపరాదనియు, కేసులలోని ఆ ప్రస్తావనను తొలగింపవలెననియు ఆజ్ఞ వెలువడినది. ఆ జాబితాలో విశేషణము ఒక్కటియు లేదు. రాష్ట్రము పేరు, జిల్లా పేరు, కేసు సంఖ్య, అది యిప్పుడు ఏ దశలో నున్నదన్న వివరము మాత్రమే. ఏ భాషలోనికైనను దానిని ఒక మధ్యాహ్నములో తెనిగింపవచ్చును, తమిళింపవచ్చును, కన్నడింపవచ్చును.